చీటీ మీద రాని పాట

మా ఇంటి అటక మీద ఒక పాత బిస్కెట్ డబ్బా ఉన్నది. దాని నిండా కాగితపు ముక్కలే. పెళ్ళి పత్రిక అంచు చింపి రాసినవి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం వెనక రాసినవి, చేతులు తుడుచుకొనే పలుచని కాగితం మీద బాల్‌పెన్ను గుచ్చుకొని సగం అక్షరాలు చిరిగిపోయినవి, పసుపు అంటినవి, పప్పుచారు ఒలికినవి. 2003 నుంచి 2014 వరకు హనుమకొండలో ఒక ఆర్కెస్ట్రాలో నేను కీబోర్డు వాయించాను. ఫలానా పాట పాడమని జనంలోంచి వేదిక మీదికి వచ్చే ఆ చీటీలను జేబులో వేసుకొని మరచిపోయేవాడిని. మా ఆవిడ చొక్కా ఉతకబోయే ముందు వాటిని తీసి కిటికీలో పెట్టేది. అలా పోగుపడి చివరికి డబ్బాకు చేరాయి. మొన్న ఇంటికి సున్నం వేయించేటప్పుడు డబ్బా కిందికి దిగింది. ఒక మధ్యాహ్నమంతా చాప మీద కూర్చొని వాటిని చదివాను.

పరకాల, నర్సంపేట, జనగామ, హుజూరాబాద్, భూపాలపల్లి, ఇలా ఊళ్ళు వేరు. కలిగినవాళ్ళ పెళ్ళిళ్ళు, అప్పు చేసి జరిపిన పెళ్ళిళ్ళు. అడిగిన పాటలు మాత్రం ఎక్కడైనా అవే. ఏడాదికి రెండు మూడు కొత్తవి వచ్చి చేరేవి, రెండు మూడు పాతవి రాలిపోయేవి. ఒక్కొక్క సంగీత దర్శకుడికి ఒక్కొక్క పాట, ఒక్కొక్క గాయకుడికి ఒక్కొక్కటి. జీవితమంతా వేల పాటలు పాడిన మనిషి చీటీ మీదికి వచ్చేసరికి నాలుగు నిమిషాలకు కుదించుకుపోతాడు. ఆ నాలుగు నిమిషాలు ఆయన చేసినవాటన్నిటిలోకి మేలైనవే అయితే నాకు పేచీ లేదు. చాలాసార్లు కావు. ఎందుకు కావన్న ప్రశ్నతోనే నేను పన్నెండేళ్ళు కీబోర్డు వెనక నిలబడ్డాను.

మా బృందంలో పెద్ద గాయకుడు ఒకాయన ఉండేవాడు. అందరం అన్నా అనే పిలిచేవాళ్ళం కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తాను. జమ్మికుంట దగ్గరి పల్లె ఆయనది. సినిమా పాటలు పాడి పొట్టపోసుకున్నా, సొంతంగా పాటలు కట్టేవాడు. చుట్టుపక్కల నాలుగైదు మండలాల్లో ఆయన పేరు చెబితే జనానికి ఒకే పాట గుర్తుకు వస్తుంది: ‘కత్తెర పాట’. ఒకసారి పంచాయతీ ఎన్నికల్లో ఆయన ఊరి అభ్యర్థికి కత్తెర గుర్తు వచ్చింది. ఆటోకు మైకు కడుతుంటే పక్కన నిలబడి, చాయ చల్లారేలోగా కట్టిన పాట అది. బాణీ కోలాటంలోంచి తెచ్చుకున్నది. మాటల్లోనూ పెద్ద విశేషం లేదు, రెండు పంక్తులకొకసారి కత్తెర అన్న మాట వచ్చి పడుతుంది. ఆ అభ్యర్థి గెలిచాడో ఓడాడో ఇప్పుడు ఊళ్ళో వాళ్ళకే సరిగా గుర్తు లేదు. పాట మాత్రం పెళ్ళిళ్ళకు వెళ్ళింది, బోనాలకు వెళ్ళింది, బడిపిల్లలు మాటలు మార్చి తమ పంతులు మీద కట్టుకొన్నారు. నా డబ్బాలో ‘కత్తర పాట’, ‘కత్తెర సాంగ్’, ‘అన్నా గా కత్తెరది’ అని రాసిన చీటీలు గుప్పెడు ఉన్నాయి.

అన్న కట్టిన ఇంకొక పాటలోనూ కత్తెర ఉన్నది. అది వాళ్ళమ్మ చేతిలోది. ఆమె ముప్ఫై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టింది. ఒళ్ళో చాట పెట్టుకొని, రాత్రి తడిపి గోనెసంచిలో చుట్టి మెత్తబరచిన తునికాకును రేకు కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరచి, చుట్టి, కొన మడిచి, దారం కట్టే పని. ఆ పాట లయ ఆ కత్తెరదే: రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, ఆకు తిప్పుకొనే పాటి ఖాళీ. రెండు చరణాలు ఆ నడకలోనే వెళతాయి. మూడో చరణంలో ఆమె దగ్గుతుంది. దగ్గు అన్న మాట పాటలో ఎక్కడా లేదు. లయలో ఒక దెబ్బ పడవలసిన చోట పడదు, అంతే. ఎంతసేపు ఆగాలన్నది అన్న ఏ రోజుకు ఆ రోజు తేల్చుకొనేవాడు. కీబోర్డు మీద నా వేళ్ళు ముందే పడిపోయి పాటను చెడగొట్టేవి. ఆయన ఊపిరి చూసి ఆగడం నేర్చుకొనేసరికి నాకు ఆరు నెలలు పట్టింది. పన్నెండేళ్ళలో ఆ పాటను వేదిక మీద నాలుగుసార్లు పాడాడేమో. దాని కోసం ఒక్క చీటీ కూడా రాలేదు.

ఒకే మనిషి, రెండు కత్తెరలు. ఒకటి ఎందుకు ఊరేగింది, రెండోది ఎందుకు ఇంట్లో కూర్చుంది? జనానికి రుచి లేదు అనడం తేలిక. నేనూ కొన్నాళ్ళు ఆ మాటే అన్నాను. కానీ అది అబద్ధం. బీడీ పాట విన్న నాలుగుసార్లూ జనం కదలకుండా విన్నారు. విన్నారు కానీ ఇంటికి పట్టుకుపోలేకపోయారు. కత్తెర పాటను బండి మీద పోతూ పాడుకోవచ్చు, గొంతు లేనివాడు పాడవచ్చు, తాగినవాడు పాడవచ్చు, మధ్యలో మాట మరచిపోతే ‘లలల్లా’ అని నింపవచ్చు. బీడీ పాట ఆ ఒక్క గొంతులో తప్ప ఇంకెక్కడా నిలవదు. నాకు తోచిన కారణం ఇదే. ఊరూరా తిరగగలిగేది కట్టినవాడి అవసరం లేకుండా బతకగలిగిన పాట. కట్టినవాడి ప్రత్యేకత ఎంత తక్కువగా ఉంటే దాని ప్రయాణం అంత సులువు. ఇంకొకరికి చేతగాని ఆ కొంచెమే ఆయన గొప్పదనం కాబట్టి, అది ఉన్న పాట గడప దాటేటప్పుడే కాలు తట్టుకొంటుంది.

మన ప్రాంతపు పోరాట పాటలను చూస్తే ఈ సంగతి మరీ స్పష్టంగా కనబడుతుంది. ‘బండెనక బండి కట్టి’ ఎవరిది అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్‌ది అంటారు. ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడిన తీరు అటువంటిది మరి. కానీ ఆ పాట తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టినది. వందల పాటలు సొంతంగా కట్టిన గద్దర్‌కు జనం మొట్టమొదట ఆపాదించే పాట ఆయనది కాకపోవడం, కట్టిన యాదగిరికి ఆ పాటతో పాటు పేరు ప్రయాణం చేయకపోవడం, రెండూ ఒకే కారణం వల్ల జరిగాయి: పాట తన కాళ్ళ మీద తాను నడవడం నేర్చింది. మంచిర్యాల వైపు పుట్టిన గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ సంగతీ అంతే. పాట తెలిసినవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎందరో మీరే అడిగి చూడండి. ఉద్యమ కవికి ఇంతకంటే కావలసింది లేదని అనేవాళ్ళు ఉన్నారు. నిజమే కావచ్చు. అయితే అది పాట సాధించిన గొప్పతనమే కాని, ఆ కవి రాసినవాటిలో అదే ఉత్తమం అనడానికి రుజువు కాదు.

కీబోర్డు నేర్చుకొనే రోజుల్లో రష్యా దేశపు స్వరకర్త సెర్గీ రఖ్మానినోవ్ కథ చదివి నవ్వుకొన్నాను. తరువాత ఆ నవ్వు పోయింది. 1892లో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఆయన పియానో కోసం సి షార్ప్ మైనర్ అనే స్వరశ్రేణిలో ప్రెల్యూడ్ అనే ఒక చిన్న వాద్యరచన రాసి 40 రూబుళ్ళకు ప్రచురణకర్తకు అమ్మేశాడు. విదేశాల్లో హక్కులు కాపాడే ఒప్పందంలో అప్పటికి రష్యా లేదు కాబట్టి, ఐరోపా అంతా, అమెరికా అంతా దానిని అచ్చువేసుకొని వాయించుకొన్నా ఆయనకు పైసా రాలేదు. వచ్చింది పేరు ఒక్కటే. ఆ తరువాత ఆయన 1903లో పది, 1910లో పదమూడు ప్రెల్యూడ్‌లు ప్రకటించాడు. కచేరీ చివర జనం మాత్రం ‘సి షార్ప్’ అంటూ కేకలు వేసేవాళ్ళు. ఆయనకు ఆ ముక్క మీద విసుగు పుట్టింది. అయినా వాయించక తప్పేది కాదు. ఇరవై నాలుగింటిలో ఇరవై మూడు, మొదటిదాని నీడలో పెరిగిన తమ్ముళ్ళలాగా మిగిలిపోయాయి. పరకాల ఫంక్షన్ హాల్లో అర్ధరాత్రి నాలుగోసారి కత్తెర పాట అందుకొంటున్న అన్న ముఖం చూసిన ప్రతిసారీ నాకు రఖ్మానినోవ్ గుర్తుకు వచ్చేవాడు.

ఈ కథలో గమనించవలసింది వయసు. పేరు తెచ్చే పాట సాధారణంగా తొందరగా వస్తుంది, ఆ మనిషి ఇంకా పక్వానికి రాకముందే వస్తుంది. ఎందుకంటే మొదట ఏదో ఒకటి పేరు తెస్తేనే తక్కినవి చేసే అవకాశం దొరుకుతుంది. పేరు రానివాళ్ళు కనబడకుండానే పోతారు. పేరు వచ్చేసరికే జనం మనసులో ఆ మనిషి కుర్చీలో ఒక పాట ఎక్కి కూర్చుంటుంది. నలభై ఏళ్ళప్పుడు అంతకన్నా లోతైనది తెచ్చి పెట్టినా ఖాళీ లేదు. హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 1962లో ‘గులేబకావళి కథ’ సినిమాకు పాటలన్నీ తానే రాసి సినిమాల్లో అడుగుపెట్టారు. 1988కి గాను ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం వచ్చింది. కవిత్వంతో సినిమా పాటను పోల్చడం న్యాయం కాదు, ఒప్పుకొంటాను. అయినా కరీంనగర్ బస్టాండులో నిలబడి అడిగితే ఆ మొదటి సినిమాలోని ‘నన్ను దోచుకొందువటే’ అందుకొనేవాళ్ళే ఎక్కువగా దొరుకుతారు.

మా అమ్మ బతుకమ్మ పాటలు పాడుతుంది. ఈ విషయంలో ఆమెకున్న స్పష్టత నాకు లేదు. ‘ఒక్కేసి పువ్వేసి చందమామ’ పాట మొదలుపెడితే వంద మంది ఆడవాళ్ళ గుంపయినా క్షణంలో అందుకొంటుంది, పట్నం నుంచి వచ్చిన కోడలు కూడా రెండో పంక్తికి చప్పట్లు కలుపుతుంది. అమ్మకు ఆ పాట అంటే చులకన ఏమీ లేదు. ‘గది పిలుపు పాట బిడ్డా, గుంపును కూడగట్టెతందుకు’ అంటుంది. గుంపు కూడిన తరువాత పాడవలసినది వేరు. ‘ధరచోళ దేశమున ఉయ్యాలో, ధర్మాంగుడను రాజు ఉయ్యాలో’ అని మొదలయ్యే కథపాట. కొడుకులను యుద్ధంలో పోగొట్టుకొని, రాజ్యం పోయి, అడవుల పాలైన రాజు దంపతులకు లక్ష్మి బిడ్డగా పుట్టి బతుకమ్మ అని పేరు పొందడం దాకా సాగుతుంది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ‘ఉయ్యాలో’ను సాగదీసి కూతురు పోయిన ఇంటి ఏడుపులా చేయాలో అమ్మకు తెలుసు; ఆమెకు వాళ్ళ అమ్మ నేర్పింది. అర్ధగంట పడుతుంది. ఇప్పుడు సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కింద, పెట్టెల వరుస పేర్చిన డీజే ముందు, ఎవరికీ అర్ధగంట లేదు. పిలుపు పాటే మొదలు, పిలుపు పాటే చివర. గుంపును కూడగట్టడానికి పుట్టిన పాటకు గుంపు దొరికింది. ఆ గుంపు ఎందుకోసం కూడిందో ఆ పాట రాలేదు.

పిలుపు పాట అన్న అమ్మ మాట నాకు చాలా పనికివచ్చింది. పేరుపడిన పాటల్లో చాలావాటి పని అదే: గుమ్మం ముందు నిలబడి పిలవడం. వాటిని తిట్టుకోవలసిన పని లేదు. పిలిచిన తరువాత ఇంట్లోకి ఎవరూ రాకపోతే గుమ్మానిది తప్పా? రామప్పకు వెళ్ళినప్పుడల్లా ఇదే చూస్తాను. తడితే స్వరాలు పలుకుతుందని చెప్పే ఒక శిల్పం దగ్గర గైడ్ వేలితో మీటి చూపిస్తాడు, అక్కడ జనం తొక్కిసలాడతారు. మద్దెలలు మోగిస్తున్న, అడుగు తిప్పుతున్న చిన్న చిన్న నర్తకీమణుల వరుసలను దాటుకొని చెప్పుల దగ్గరికి వెళ్ళిపోతారు. నేనూ మొదటిసారి అలాగే చేశాను.

ఇంకొక సంగతి వాయించేవాడికి తప్ప తెలియదేమో. ఒక పాట ప్రసిద్ధి అంటే సాధారణంగా దాని పల్లవి ప్రసిద్ధి. పెళ్ళిలో పల్లవికి ఈలలు వేస్తారు, మొదటి చరణానికి తల ఊపుతారు, రెండో చరణానికి ఐస్‌క్రీం దగ్గరికి వెళతారు. మేము కూడా తెలివి మీరి రెండో చరణం ఎగరగొట్టి పల్లవికి వచ్చేసేవాళ్ళం. బాణీ కట్టేవాడు తన పనితనాన్ని దాచుకొనేది తరచుగా ఆ రెండో చరణంలోనే. మొదటి చరణం వంటిదే అనిపిస్తూ ఎక్కడో ఒక స్వరం పక్కకు జరుగుతుంది, మధ్యలో వచ్చే వాద్యం ఒక అడుగు ఆలస్యంగా వచ్చి చేరుతుంది. అంటే ప్రసిద్ధమైన పాటలోనైనా ప్రసిద్ధమైన ముక్క మంచి ముక్క కాకపోవచ్చు.

చిట్యాల మండలం చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్ రాసి, కీరవాణి బాణీ కట్టిన ‘నాటు నాటు’కు 2023 మార్చిలో ఆస్కార్ వచ్చిన రోజు మా వీధిలో టపాకాయలు కాల్చారు. నేనూ మిఠాయి పంచాను. ఇప్పుడు ఆ పాట ఆయన ఉత్తమ రచన అవునా అని అడిగితే తటపటాయిస్తాను. లాస్ ఏంజెలెస్‌లో కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు వినబడినది దరువు, కనబడినది కాళ్ళు. అది న్యాయమైన ఆనందమే. కానీ పాట మొదట్లో ఎర్రజొన్న రొట్టెలో మిరపతొక్కు కలిపిన పోలిక, కిర్రుచెప్పులు తొడుక్కొని కర్రసాము చేసిన పోలిక ఏ దేశపు చెవికీ అందలేదు. ఆ మాటలు వినగానే నా నాలుక కింద నీళ్ళు ఊరాయి. ఆ పాటలో కవి ఉన్నది అక్కడే. ప్రపంచం పట్టుకుపోయినది మాత్రం రెండక్షరాల మాట. తొంభై పాళ్ళు పాట సగం రోజులో వచ్చిందనీ, మిగిలిన పది పాళ్ళకు పందొమ్మిది నెలలు పట్టిందనీ ఆయనే చెప్పారు. ఆ పందొమ్మిది నెలలను ఎవరు విన్నారు? కీరవాణి విషయానికి వస్తే, 1997 నాటి ‘అన్నమయ్య’ వాయించి చూసిన ఏ కీబోర్డువాడినైనా అడగండి, ఆయన పనితనం ఎక్కడ ఉన్నదో వేళ్ళతో చూపిస్తాడు.

ఇంతవరకు చెప్పినదంతా పాట స్వభావానికి సంబంధించినది. అదృష్టం సంగతి వేరే ఉన్నది, దానిని తక్కువగా అంచనా వేస్తాము. 2006లో సైన్స్ పత్రికలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. పేరు లేని బృందాలు పాడిన 48 పాటలను ఇంటర్నెట్‌లో పెట్టి, పద్నాలుగు వేలకు పైగా శ్రోతలను రప్పించారు. కొందరికి పాటలు మాత్రమే చూపించారు. తక్కినవాళ్ళను ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎంతమంది దించుకొన్నారో ఆ అంకెను కూడా చూపించారు. అవే పాటలు, అటువంటి శ్రోతలే. అయినా ఏ గుంపుకు ఆ గుంపులో వేరువేరు పాటలు గద్దె ఎక్కాయి. మరీ మంచివి అట్టడుగుకు పోవడం, మరీ చెడ్డవి పైకి రావడం అరుదు. మధ్యలో ఉన్నవాటికి ఏమైనా జరగవచ్చునని తేలింది. దీనిని చదివినప్పుడు నాకు చీటీలే కళ్ళ ముందు ఆడాయి. మొదటి చీటీ ఏ పాటకు వస్తే, ఆ పాట వినగానే ఇంకో నలుగురికి అదే గుర్తుకు వచ్చి, ఆ రాత్రంతా అదే దారిలో నడిచేది. మొదటి చీటీ రాసినవాడు పెండ్లికొడుకు బావమరిది అయితే ఇక చెప్పనక్కరలేదు.

కొన్నిచోట్ల కారణం పాటలోనూ ఉండదు, అదృష్టంలోనూ ఉండదు, ఆచారంలో ఉంటుంది. త్యాగరాజ పంచరత్నాలు అయిదింటిలో ‘ఎందరో మహానుభావులు’ తెలియని తెలుగువాడు ఉండడు. వరాళి రాగంలోని ‘కనకన రుచిరా’ ఆరాధనోత్సవాల్లో వరుసలో పాడటమే తప్ప విడిగా వినబడటం తక్కువ. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టుకొని నేర్పితే ఇద్దరి మధ్య చెడుతుందని ఒక నమ్మకం ఉన్నది, విని నేర్చుకోవలసిందే. నేర్పడానికే వెనుకాడే రాగంలోని కృతి ఊరూరా ఎలా వ్యాపిస్తుంది? సంగీతం చదువుకొన్న మిత్రుడొకడు ఆ అయిదింటిలో తనకు అదే ప్రాణమని అంటాడు. నాకు అంత పాండిత్యం లేదు, కానీ ఆ కృతి నడకలోని నెమ్మది నాకూ ఇష్టమే.

ఇక్కడ నాకు నేనే అడ్డం పడాలి. వాయించేవాళ్ళకు ఒక జబ్బు ఉన్నది: కష్టమైనదే గొప్పది అనుకోవడం. వేళ్ళు నొప్పిపుట్టిన చోట కళ ఉన్నదని మాకొక భ్రమ. పది మందికి తెలిసిన పాటను చులకన చేస్తే మనం పదకొండోవాళ్ళం అవుతామన్న అహంకారం కూడా అందులో కొంత కలిసి ఉంటుంది. మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లిలో పుట్టి, నలభై ఏళ్ళకే 2014 డిసెంబరులో వెళ్ళిపోయిన చక్రి బాణీలను మేము వారానికి రెండుసార్లు వాయించేవాళ్ళం. 2001లో వచ్చిన ‘ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం’ సినిమాలోని ‘మళ్ళి కూయవే గువ్వా’ ఆయన చేసినది. నర్సంపేట వైపు నాగుర్లపల్లికి చెందిన పాటల రచయిత కందికొండకు సినిమాల్లో అది మొదటి పాట. ఇద్దరిదీ ఓరుగల్లు నేలే. ఆ పాట ప్రసిద్ధం. నా మట్టుకు నాకు వాళ్ళిద్దరూ కలిసి చేసినవాటిలో మేలైనది కూడా అదే. ఎంత వెతికినా దానికి పైన పెట్టగలిగినది నాకు దొరకలేదు. నా సిద్ధాంతం అక్కడ నీరుగారిపోతుంది, పోనీయండి. నేను ‘తరచుగా’ అన్నాను, ‘ఎప్పుడూ’ అనలేదు.

ప్రసిద్ధి పాటకు ఇంకొక నష్టం కూడా చేస్తుంది: ఇక దానిని ఎవరూ ముట్టుకోనివ్వరు. అన్న ఒకసారి కత్తెర పాటలో ఒక పంక్తి బాగాలేదని మార్చి పాడాడు. ముందు వరుసలోని కుర్రవాళ్ళు ‘తప్పు పాడుతున్నవ్ అన్నా’ అని అరిచి, అసలు మాట తామే అందుకొన్నారు. కట్టినవాడినే సరిదిద్దారు. ఆయన నవ్వి పాత మాటకే వచ్చేశాడు. బస్సులో తిరిగి వస్తుంటే మాత్రం కిటికీ వైపు తిరిగి చాలాసేపు మాట్లాడలేదు.

ఆర్కెస్ట్రా ఎత్తేసి పదేళ్ళు దాటింది. మొన్న మాఘంలో మా బృందంలోని ప్యాడ్లు వాయించే తమ్ముడి కూతురు పెళ్ళికి పాతవాళ్ళందరం కలిశాము. డీజే ఉన్నా కాసేపు మమ్మల్ని ఎక్కించారు. రెండో పాట కాగానే చీటీ వచ్చింది, కత్తెర పాట. అన్నకు ఇప్పుడు గొంతు కొంచెం గరుకు తేలింది, అయినా పాడాడు, జనం ఊగారు.

పన్నెండు దాటాక, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నప్పుడు, వంటవాళ్ళ బంతి నడుస్తుంటే మేమూ వాళ్ళ పక్కన కూర్చొని తిన్నాము. తిన్న తరువాత అన్న మైకు లేకుండా, నేల మీద గంటె తిరగేసి తాళం వేస్తూ బీడీ పాట ఎత్తుకొన్నాడు. నా దగ్గర కీబోర్డు లేదు. అది ఒకందుకు మేలయింది. మూడో చరణంలో ఆ దెబ్బ పడవలసిన చోట గంటె గాలిలో ఆగింది. గంగాళాలు తోముతున్న ఒక ఆడమనిషి చేతులు కూడా ఆగాయి.

పాట అయిపోయాక ఆమె చేతులు కొంగుకు తుడుచుకొని దగ్గరికి వచ్చింది. ‘నేను సుత బీడీలు జేసిన అన్నా, ఇరవై ఏండ్లు. పాట మంచిగున్నది గని ఒక్కటి తప్పు. నువ్వు దారం గట్టి కొన మడిసినట్టు పాడినవ్. ముందుగాల మడుస్తం, ఆఖరికి గదా దారం’ అన్నది.

అన్న ఒక్క నిమిషం కళ్ళు మూసుకొని, వేళ్ళతో గాలిలో బీడీ చుట్టి చూసుకొన్నాడు. ‘నిజమే అక్కా. అమ్మ సుత గట్లనే జేసేది. తాళం కుదురుతలేదని నేనే మలిపిన’ అన్నాడు. ఆ తరువాత రెండు మాటలను అటూ ఇటూ మార్చి, మెల్లగా రెండుసార్లు పాడి చూసుకొన్నాడు. ఆమె నిలబడే విన్నది. మూడోసారికి కుదిరింది. మరచిపోతానని నన్ను పెన్ను అడిగాడు, కాగితం దొరకలేదు. జేబులో సాయంత్రం వచ్చిన చీటీ ఉంటే తీసి, వెనక్కి తిప్పి ఆ పంక్తి రాసుకొన్నాడు.